జ్వరం లేని మలేరియా

ఒంట్లో జ్వరం లేదు, వణుకు లేదు. అయినా రక్తంలో మలేరియా క్రిములు ఉండవచ్చునా? ఉండవచ్చును. బస్తర్ అడవులు నేర్పిన పాఠమిది.

పదేపదే మలేరియాకు గురైనవారి శరీరం ఆ క్రిమితో కొంత రాజీపడుతుంది. మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. అతనిని కుట్టిన దోమ వ్యాధిని పక్కమంచానికి చేరవేస్తుంది. అక్కడ ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం మెదడుకు సోకితే ప్రాణాంతకం.

2008లో జగదల్‌పూర్‌లో విశ్వవిద్యాలయం వెలసింది. అడవిపల్లెల బిడ్డలు చదువుకై పట్నం చేరి వసతిగృహాలలో కలిసి నిద్రిస్తారు. కనుక అక్కడ ఒకరి ఆరోగ్యం అందరి ఆరోగ్యం.

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ ఉద్యమాన్ని ప్రారంభించింది. ఆరోగ్య కార్యకర్తలు రోగి రాకకై వేచి ఉండలేదు. ఇళ్లకూ, ఆశ్రమ పాఠశాలలకూ, వసతిగృహాలకూ తామే వెళ్లి, జ్వరమున్నా లేకున్నా ప్రతివారి వేలినుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించారు. వ్యాధి తేలినవారికి ఏదైనా తినిపించి, తొలి మోతాదు తమ ఎదుటనే మింగించారు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. శత్రువెవరో తెలిసి ఇంతకాలమైంది. ఇక కావలసింది రాత్రివేళ దోమతెర, సగంలో మానని మందు, పరీక్షలు దగ్గరపడ్డాయని జ్వరాన్ని దాచుకోని విద్యార్థి.