ఆకుపచ్చ నెంబరు ప్లేటు ఒక్కటే చాలదు

ప్రమాద స్థలంలో విద్యుత్ వాహనాన్ని గుర్తించడమే తొలి సమస్య

కోల్‌కతా: ఈ మహానగరానికి విద్యుత్తుతో నడిచే వాహనాలు కొత్త కావు. 1902లోనే ఇక్కడి వీధుల్లో విద్యుత్ ట్రాములు పరుగు తీశాయి. దేశంలో తొలి మెట్రో రైలు కూడ 1984లో ఇక్కడే ప్రారంభమయింది. అయితే ట్రాముకు కరెంటు ఎక్కడినుంచి వస్తున్నదో దారిన పోయే ప్రతివారికీ తెలిసేది. తీగ తలపైనే కనిపించేది. ప్రమాదం జరిగితే సరఫరా నిలిపివేసే వీలుండేది. నేటి విద్యుత్ కారులో ఆ వీలు లేదు. కరెంటు వాహనం అడుగున బ్యాటరీ పెట్టెలోనే నిలవ ఉంటుంది. పైకి మాత్రం అది పెట్రోలు కారు వలెనే కనిపిస్తుంది.

రెండు వాహనాలు ఢీకొన్న చోటికి చేరుకునే అగ్నిమాపక, పోలీసు, అంబులెన్సు సిబ్బందికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఎదుట ఉన్నది ఏ ఇంధనంతో నడిచే వాహనం? దీనికి జవాబు కొద్ది నిమిషాల్లో దొరకాలి. విద్యుత్ వాహనాన్ని పెట్రోలు వాహనమని భావిస్తే రక్షకుడికే ముప్పు. పెట్రోలు వాహనాన్ని విద్యుత్ వాహనమేమోనని సందేహించి జంకితే లోపల చిక్కుకున్నవారి ప్రాణానికి ముప్పు.

ఎందుకు తెలియాలి?

విద్యుత్ కార్లలో సాధారణంగా 300 నుంచి 400 వోల్టుల కరెంటు ప్రవహిస్తుంది. ఆ తీగలకు నారింజ రంగు తొడుగు, బ్యాటరీపై మెరుపు గుర్తు ఉంటాయి. కాని అవి బానెట్ ఎత్తితేనో, వాహనం కిందికి తొంగిచూస్తేనో తప్ప కనిపించవు. తలుపు కోసే యంత్రం ఏ చోట పెట్టాలో, ఏ తీగను ముందు కత్తిరించాలో వాహనం రకాన్ని బట్టి మారుతుంది. ఇంజను చప్పుడు లేదు గనుక వాహనం ఆగిపోయిందని అనుకోవడానికీ వీలు లేదు. అది ఇంకా కదలడానికి సిద్ధంగా ఉండవచ్చు.

మంట ఆరిన తరువాత కూడ అపాయం తీరదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలో మిగిలిపోయిన శక్తి గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు రోజుల తరువాత తిరిగి మంటగా లేస్తుంది. అమెరికాలోని జాతీయ రవాణా భద్రతా మండలి ఇటువంటి 4 ఘటనలను పరిశీలించి 2020లో నివేదిక వెలువరించింది. వాటిలో ఒకటి 2018లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ వద్ద జరిగిన ప్రమాదం. ఆ కారు బ్యాటరీ 5 రోజుల తరువాత, వాహనాన్ని తరలించి ఉంచిన యార్డులో మళ్లీ అంటుకున్నది. కనుక వాహనం రకం తెలియవలసింది అగ్నిమాపక దళానికి మాత్రమే కాదు, దానిని క్రేనుతో లాగి పోలీసు స్టేషను ఆవరణలో పెట్టేవారికి కూడ.

విద్యుత్ కార్లే ఎక్కువగా తగలబడతాయనడానికి ఆధారం లేదు. తగలబడినప్పుడు ఆర్పే పద్ధతి వేరు, పట్టే నీరు ఎక్కువ. అసలు తేడా అక్కడ ఉన్నది.

రాయితీ కోసం వచ్చిన రంగు

బ్యాటరీతో నడిచే వాహనాలకు ఆకుపచ్చ నెంబరు ప్లేటు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో నిర్దేశించింది. సొంత వాహనాలకు తెల్ల అక్షరాలు, అద్దె వాహనాలకు పసుపు అక్షరాలు. పార్కింగు, టోలు వంటి వాటిలో ప్రత్యేక వెసులుబాటు కల్పించడానికి ఈ గుర్తింపు అవసరమని అప్పట్లో భావించారు. రక్షక సిబ్బందికి అది మేలు చేస్తున్న మాట నిజమే. కాని వారిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు కాకపోవడంవల్ల లోపాలు మిగిలాయి.

మొదటిది, ప్లేటు ఉండేది ముందు, వెనుక మాత్రమే. ఢీకొన్నప్పుడు ముందుగా నలిగిపోయేవి ఆ రెండు భాగాలే. రెండవది, పెట్రోలుతోపాటు అధిక వోల్టేజీ బ్యాటరీ కూడ ఉండే హైబ్రిడ్ కార్లకు ఈ రంగు వర్తించదు. మూడవది, కోల్‌కతా శివార్లలోను, హౌరాలోను విస్తారంగా తిరిగే ‘టోటో’ల సంగతి. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి పరిమితమైన ఈ విద్యుత్ రిక్షాలలో అనేకం చాలాకాలం నమోదు లేకుండానే తిరిగాయి. నమోదు లేని వాహనానికి ఏ రంగు ప్లేటూ ఉండదు.

బస్సుల విషయం మరొకటి. కోల్‌కతాలో 2019లో ప్రవేశపెట్టిన టాటా అల్ట్రా విద్యుత్ బస్సుల రకంలో, నీరు నిలిచే రోడ్లపై ఇబ్బంది రాకుండా, బ్యాటరీలను పైకప్పుపై అమర్చారు. కారులో కాళ్లకింద ఉండే అపాయం ఇక్కడ తలపైన ఉన్నదన్నమాట. 2022లో కేంద్ర రంగ సంస్థ సీఈఎస్ఎల్ 5 నగరాల కోసం 5,450 విద్యుత్ బస్సులకు టెండర్లు పిలిచింది. వాటిలో కోల్‌కతాతోపాటు హైదరాబాదు కూడ ఉండడం గమనార్హం.

తెలుగువారికి ఈ హెచ్చరిక ముందే అందింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూంలో చెలరేగిన మంటల పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మి 8 మందిని బలిగొన్నది. ఆ ఏడాది దేశంలో వరుసగా జరిగిన స్కూటర్ల ప్రమాదాల దరిమిలా హైదరాబాదులోని ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. బ్యాటరీ ప్రమాణాలు 2022 డిసెంబరు నుంచి దశలవారీగా కఠినమయ్యాయి. అయితే వాటి ముఖ్యోద్దేశం బ్యాటరీ అంటుకోకుండా చూడడం. అంటుకున్న తరువాత వచ్చేవారికి గుర్తు చూపడం వేరొక పని.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియాలో విద్యుత్ వాహనాల నెంబరు ప్లేట్లకు కాంతిని ప్రతిఫలించే నీలి త్రికోణపు గుర్తు అతికిస్తారు. దాని ఉద్దేశమే రక్షక సిబ్బందికి తెలియజేయడం. చైనాలో ఆకుపచ్చ ప్లేటు హైబ్రిడ్ వాహనాలలో ఛార్జింగు చేసుకునే రకానికీ వర్తిస్తుంది. పూర్తి విద్యుత్ వాహనాలకు, మిగిలినవాటికి వేర్వేరు అక్షరాలు ఉంటాయి. ఐరోపాలో ప్రతి మోడలుకు బ్యాటరీ, తీగలు, కోయదగిన చోట్లు చూపే ఒక పటాన్ని తయారు చేస్తారు. ఆ పటాలను ఫోనులో చూపే ‘యూరో రెస్క్యూ’ సదుపాయం 2020లో వచ్చింది.

చేయదగినది

మన దేశంలో కావలసిన సమాచారం లేకపోలేదు. నమోదిత వాహనాలలో అత్యధిక భాగం ఏ ఇంధనంతో నడుస్తుందో కేంద్ర రవాణా శాఖ ‘వాహన్’ దస్త్రంలో ఉన్నది. 101కు గాని, 112కు గాని ఫోను చేసినవారు నెంబరు చెప్పగలిగితే, అగ్నిమాపక శకటం దారిలో ఉండగానే ఆ వివరం సిబ్బందికి చేర్చవచ్చు. నెంబరు కనిపించని పక్షంలో ఉపయోగపడేలా వాహనం పక్కలపైన, బస్సులకు పైకప్పుపైన గుర్తు తప్పనిసరి చేయవచ్చు. హైబ్రిడ్‌లకు ప్రత్యేక గుర్తు, టోటోలకు పూర్తి నమోదు ఆ వెంటనే జరగవలసిన పనులు.

వీటిలో ఏదీ భారీ వ్యయంతో కూడినది కాదు. రాయితీ పొందడానికి వాహనం తనను తాను చాటుకుంటున్నది. కాపాడడానికి వచ్చిన వ్యక్తి ముందు కూడ అది అంత స్పష్టంగా తెలియజెప్పుకొనేటట్లు చూడడం ప్రభుత్వాల బాధ్యత.