మన ఊరి పేరు తెలుగుదా, కన్నడదా?

2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును ‘భాగ్యనగర’గా మార్చాలని తీర్మానించింది. పేరు చివరి ‘పల్లి’ తెలుగు మాటలా ఉందన్నది ఆ కోరిక వెనుక వినిపించిన వాదం. పెద్దలకు అది ఒక పూట వార్త. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివే పిల్లలకు అలా కాదు. ఆ వార్త విన్న పిల్ల అవ్వ దగ్గరికొచ్చి, ‘‘మన మాట ఉందని ఊరి పేరు మార్చేస్తే, మనం యాడోళ్లం అవ్వా?’’ అని అడిగితే ఏం చెప్పాలి?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పిల్లలు ఇలాంటివి చాలా అడుగుతారు. దేవుడి గురించి, కులం గురించి, అంగడి గురించి, పాత రాజుల గురించి. ‘‘రాజకీయాలు నీకెందుకు, పోయి చదువుకో’’ అంటే ఆ పూటకు గొడవ వదులుతుంది గానీ ప్రశ్న పోదు. పిల్ల తనకు తోచిన జవాబు తానే చెప్పుకుంటుంది. మనం పరాయివాళ్లమన్నదే ఆ జవాబైతే, దాన్ని మళ్లీ మాన్పించడం కష్టం. అందుకే ఈసారి ఈ పుటలో అలాంటి ప్రశ్నలు కొన్ని తీసుకున్నాం.

ముందు ఊరి పేరు సంగతే చూద్దాం. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. మనకు పులి, వాళ్లకు హులి. పంది హంది అవుతుంది, పాము హావు అవుతుంది, పండు హణ్ణు అవుతుంది. పాత కన్నడంలోనూ వీటన్నిటికీ మొదట ‘ప’ కారమే ఉండేది. సుమారు వెయ్యేళ్ల కిందట కన్నడంలో ఆ ‘ప’ మెల్లగా ‘హ’గా మారడం మొదలైంది. తెలుగులో మారలేదు. అంటే నేటి ‘హళ్ళి’ కూడా ఒకప్పుడు ‘పళ్ళి’యే. హాసన్ జిల్లా బేలూరు తాలూకాలో దొరికిన హల్మిడి శాసనం కన్నడంలో అతి పాతదని పేరుపొందింది, సుమారు క్రీ.శ. 450 నాటిది. అందులో ఆ ఊరి పేరు ‘హ’తో లేదు, ‘పల్మడి’ అని ఉంది. ఇది కన్నడ ఉపాధ్యాయులు కూడా ఒప్పుకొనే సంగతే. ‘పల్లి’ రెండు భాషల ఉమ్మడి ఆస్తి. ఒక ఇంట్లో పాత పలుకు నిలిచింది, ఇంకో ఇంట్లో మారింది, అంతే.

పేరు మార్చాలా వద్దా అన్నది ఊరివాళ్లూ ప్రభుత్వమూ తేల్చుకోవలసింది. మేము తీర్పు చెప్పబోవడం లేదు. అయితే ఒకటి చెప్పకుండా ఉండలేం. భాగ్యనగరం అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది హైదరాబాదు. బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా అక్కడికే వెళ్తుంది. ఇక ఆ దారిన పోయే లారీ డ్రైవరు ఏ భాగ్యనగరమని అడగాలో ఏమో!

ఊరి పేర్ల ముచ్చట మొదలైతే పిల్లలు చింతామణిని వదలరు. అది తెలుగు పేరా, కన్నడ పేరా? రెండూ కాదు. చింతామణిరావు అనే మరాఠా నాయకుడి పేరు మీద వచ్చిందని చెబుతారు. చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి సంగతీ ఇలాంటిదే. పుట్టిన ఊరి చివర ‘హళ్ళి’ ఉంది. ఇంటిపేరు ‘మోక్షగుండం’ మాత్రం ఆంధ్రలోని ఊరు. ఆయన పూర్వీకులు అక్కడినుంచి వచ్చినవాళ్లు. సర్ ఎం.వి. అని రాసినప్పుడల్లా ఆ ‘ఎం’లో ఒక తెలుగు ఊరు ఉంది. పిల్లలకు ఈ ఒక్క అక్షరం చూపిస్తే చాలు, మిగతాది వాళ్లే వెతుక్కుంటారు.

‘‘ఇంతమంది తెలుగు మాట్లాడతారు కదా, మరి మనం ఆంధ్రలో ఎందుకు లేం?’’ అన్నది కాస్త పెద్ద పిల్లల ప్రశ్న. చిక్కబళ్లాపురం 2007లో జిల్లా అయింది. అంతకుముందు ఇదంతా కోలారు జిల్లా. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చే నాటికి ఆ జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లు సగానికి పైగానే ఉన్నారు. అయినా జిల్లా కర్ణాటకలోనే ఉండాలని సంఘం చెప్పింది. 1956 నవంబరు 1న అలాగే జరిగింది. అదే ఏడాది రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని అది రాష్ట్రాలకు చెబుతోంది. కర్ణాటకలో పదో తరగతి పరీక్షకు ప్రథమ భాషగా ఎంచుకోదగిన వాటిలో తెలుగూ ఉంది. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని అడిగే తల్లిదండ్రులు తగ్గిపోతున్నారన్నదే మా బాధ.

ఇప్పుడు వ్యాపారం ప్రశ్న. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు దేశంలోని పెద్ద వాటిలో ఒకటి. ఈ జిల్లాలో పట్టుపురుగులు పెంచే ఇళ్ల పిల్లలు ఒక మంచి మాట అడుగుతారు: ‘‘ఇయ్యాల ధర తక్కువ ఉంటే గూళ్లు ఇంట్లోనే పెట్టుకొని, ధర పెరిగినాక అమ్మొచ్చు కదా నాయనా?’’ దీనికి జవాబు నాయనకు బాగా తెలుసు. మల్బరీ ఆకు మేసి, చంద్రికల మీద గూడు కట్టుకున్న పురుగు లోపల ఊరికే కూర్చోదు. పదీ పన్నెండు రోజుల్లో చిలుక అయి, గూటిని తొలుచుకొని బయటికి వస్తుంది. తొలిచిన గూటి నుంచి తెగని దారం తీయలేరు. పైగా రోజు గడిచేకొద్దీ గూడు ఆరి తూకం తగ్గుతుంది. కొనే రీలరుకు ఈ సంగతులన్నీ తెలుసు. అతను రేపటికి ఆగగలడు, రైతు ఆగలేడు. వేలంలో రైతు చెయ్యి కిందగా ఉండడానికి మొదటి కారణం ఇదే. టమోటా సంగతీ అంతే. పురుగుకు బదులు కుళ్లు.

అర్థశాస్త్రం పుస్తకంలో నిల్వ ఉండని సరుకు గురించి ఒక పేరా ఉంటుంది. పిల్ల ఆ పేరాను బట్టీ పడుతుంది. ఇంట్లో నాన్న తెలుగులో చెప్పేదీ, బడిలో ఇంగ్లీషులో రాసి ఉన్నదీ ఒక్కటేనని చెప్పేవాళ్లు లేరు. ఆ మార్కెట్టులో రైతు తెలుగులోనో కన్నడంలోనో మాట్లాడతాడు, రీలరు చాలాసార్లు ఉర్దూ మాట్లాడతాడు, బేరం మాత్రం ఎక్కడా ఆగదు. టీచర్లు పాఠం చెప్పే ముందు ఒక్క రోజు పిల్లల నాన్నల్లో ఒకరిని తరగతికి పిలిచి, గూడు చేతికిచ్చి మాట్లాడమనాలని మా సూచన.

దేవుడి ప్రశ్నలు వీటికంటే చిక్కు. చింతామణి తాలూకా మురుగమల్లలో అమ్మాజాన్, బావాజాన్ దర్గా ఉంది. ముస్లింలే కాదు, హిందువులూ అక్కడికి మొక్కులు తీర్చుకోవడానికి పోతారు. ‘‘మనం దర్గాకు ఎందుకు పోతాం?’’ అని పిల్లవాడు అడిగితే ఈ మధ్య కొన్ని ఇళ్లలో పెద్దలు తడబడుతున్నారు. తడబడనక్కర లేదు. ‘‘నీకు జబ్బు చేసినప్పుడు మీ అవ్వ మొక్కుకుంది’’ అన్నది నిజమైన జవాబు, చాలినంత జవాబు కూడా.

ఇంకో పిల్లవాడు వేరే వైపు నుంచి వస్తాడు: ‘‘మహిమలు నిజమా?’’ ఈ ప్రశ్నను ఈ జిల్లా మనిషే ఒకాయన గట్టిగా అడిగాడు. గౌరీబిదనూరు పక్క హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్లిన పేద పిల్లవాడు. తరువాత అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేశారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశారు. బాబా పరీక్షకు ఒప్పుకోలేదు. మన ఇళ్లలో చాలా చోట్ల బాబా పటం ఉంటుంది. నరసింహయ్యగారు నడిపిన నేషనల్ విద్యాసంస్థల కాలేజీ బాగేపల్లిలోనే ఉంది, మన పిల్లలు అక్కడే చదివారు. పటానికి దండం పెట్టి ఆ కాలేజీకి పోయిన పిల్లలు ఎంతమందో! నరసింహయ్యగారు ఖద్దరు కట్టిన గాంధేయవాది, జీవితమంతా హాస్టలు గదిలోనే గడిపిన బ్రహ్మచారి. అడగడమంటే ఎదిరించడమని భయపడే తల్లిదండ్రులు ఆయన బతుకును ఒకసారి చూడాలి.

చివరికి కైవారం తాతయ్య. యోగి నారేయణ 1726లో పుట్టి 1836 వరకు, నూట పదేళ్లు బతికారని భక్తులు చెబుతారు. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరూ తిరిగి అమ్మిన మనిషి. ఆ బేరం ఆయనకు అచ్చిరాలేదు. గురువు ఇచ్చిన గులకరాయి నోట్లో పెట్టుకొని గుహలో తపస్సు చేశారనీ, ఆ రాయి కలకండ అయిందనీ కథ. ‘‘గాజులమ్మేవాడు స్వామి ఎట్లయినాడు?’’ అన్న ప్రశ్నలో మతమూ వ్యాపారమూ సమాజమూ మూడూ కలిసే ఉన్నాయి. మా మట్టుకు మాకు రాయి కథ కంటే ఈ ప్రశ్నే గొప్పగా తోస్తుంది. ఇంటింటి గడప దగ్గర కూర్చొని ఆడవాళ్ల చేతులకు గాజులు తొడిగినవాడికి ఏ ఇంట్లో ఏ కష్టముందో తెలియకుండా ఉంటుందా?

తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు. గురుపూర్ణిమకు కైవారంలో జరిగే సంగీతోత్సవంలో తెలుగు కీర్తనలు మారుమోగుతాయి. పాడేవాళ్లలో చాలామంది చేతిలోని పుస్తకంలో మాట తెలుగు, అక్షరం కన్నడం. దీన్ని చూసి కొందరు బాధపడతారు. మాకు ఇందులో ఒక వసతి కనిపిస్తోంది. కన్నడ, తెలుగు లిపులు ఒకే తల్లి బిడ్డలు, చాలా అక్షరాలకు తలకట్టు దగ్గరే తేడా. కన్నడం చదవగలిగే నాలుగో తరగతి పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడడానికి కొన్ని వారాలు చాలు.

వచ్చే ఆదివారం ఇలా చేసి చూడండి. కన్నడ అక్షరాల్లో అచ్చయిన తాతయ్య కీర్తన ఒకటి పిల్ల చేతికివ్వండి. పైకి చదవమనండి. చదవడం పిల్లకు వచ్చు, అర్థం అవ్వకు తెలుసు. అవ్వ మాట మాటకూ అర్థం చెప్పాక, అదే కీర్తనను తెలుగు అక్షరాల్లో ఒక కాగితం మీద రాయించండి. తప్పులు వస్తే రానివ్వండి. సోమవారం ఆ కాగితాన్ని బడికి పంపండి. దాని వెనక, రాసేటప్పుడు పిల్ల అవ్వను అడిగిన ప్రశ్నలు కూడా రాసి పంపండి.