పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నారా? జేసీబీ రాకముందే తేల్చుకోవాల్సినవి ఇవే..

హైదరాబాద్ శివార్లలో ఫామ్‌హౌస్ అంటే మామిడి చెట్లతో పాటు ఓ నీలి రంగు పూల్ కూడా ఉండాల్సిందే అన్నట్టు తయారైంది. మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు వీకెండ్‌కి అద్దెకిచ్చేవాళ్లు ముందు పూల్ ఫొటోనే పెడుతున్నారు. అవి చూసి సొంతింటి పెరట్లోనూ ఒకటి కట్టుకుందాం అనుకునేవాళ్లకు ఓ మాట.. గొయ్యి తవ్వడం ఇందులో తేలికైన పని. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, కింద నేల ఎలాంటిది, పిల్లలు అటు వెళ్లకుండా ఏం చేస్తారు? ఈ మూడూ తేలకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అంటే చిన్న పూలే. అయినా దాదాపు 22,650 లీటర్లు పడుతుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు పోసినా ఇంకా వెలితే! అక్కడితో అయిపోదు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 90 లీటర్లకు పైగా పోయినట్టే. ఫిబ్రవరికే బోరు నోరెళ్లబెట్టే చోట ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. కొత్త బోరు వేద్దామంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఉన్న బోరు నీళ్లకైనా ఓసారి టెస్ట్ చేయించండి. నీటిలో కాఠిన్యం ఎక్కువైతే టైల్స్ మీద, పైపుల్లో తెల్లగా గార కడుతుంది. అన్నట్టు, నెలనెలా నీళ్లు మార్చాలన్నది అపోహే. ఫిల్టర్ బాగా పనిచేస్తే అవే నీళ్లు చాలాకాలం వాడుకోవచ్చు.

ఇక నేల సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగడుగులు దిగకముందే గ్రానైట్ బండ తగలొచ్చు. బండ కొట్టే ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందో లేదో కాంట్రాక్టర్‌ను ముందే అడగండి. నల్లరేగడి అయితే తలనొప్పి వేరే రకం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ కదలికకు గోడలు పగిలే ప్రమాదం ఉంది. ఇలాంటి నేలలో స్ట్రక్చరల్ ఇంజినీర్ డిజైన్ లేకుండా మేస్త్రీ అంచనా మీద కట్టేయడం అంటే డబ్బు నీళ్లలో పోసినట్టే.

రెడీమేడ్ ఫైబర్ పూల్ తొందరగా అయిపోతుంది, కాకపోతే లారీ, క్రేన్ పెరట్లోకి వచ్చే దారి ఉండాలి. కాంక్రీట్ అయితే నచ్చిన ఆకారంలో కట్టుకోవచ్చు. టైల్స్ వేయకముందే నీళ్లు నింపి, కొన్ని రోజులు ఉంచి లీకేజీ చూడాలి. గృహప్రవేశం హడావుడిలో ఎగ్గొట్టేది ఈ పనినే!

చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు పూల్‌ని పూర్తిగా ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి ఆ తొట్టి పడవలా పైకి లేస్తుంది. ఫైబర్‌దే కాదు, కాంక్రీట్‌ది కూడా. అందుకే అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వ్ పెట్టించాలి. క్లీనింగ్ పేరుతో వానల్లో ఖాళీ చేయొద్దు.

నీటి పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉండేలా టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ ఉండాలి. లోపలి లైట్లు 12 వోల్టులవే వాడాలి. పంపు లైన్‌కు ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరి.

అన్నింటికంటే పెద్ద విషయం పిల్లలు. నీళ్లలో పడిన చిన్నారి సినిమాల్లోలా అరవదు, చేతులు ఊపదు. చప్పుడు లేకుండా మునిగిపోతుంది. పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా తెలియదు. అందుకే పూల్ చుట్టూ నాలుగు వైపులా కనీసం 4 అడుగుల ఫెన్సింగ్, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండాలి. మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు ఇంటి గోడ ఉంది కదా అంటే కుదరదు, హాల్ తలుపు తీస్తే బుడ్డోడు నేరుగా నీళ్ల దగ్గరికే వెళ్తాడు. అడుగున ఒకే డ్రెయిన్‌కు పంపు కలపనివ్వకండి. ఆ లాగుడుకు జుట్టో, చెయ్యో అతుక్కుపోతే పెద్దవాళ్లు లాగినా రావడం కష్టం. రెండు డ్రెయిన్లు దూరదూరంగా, సేఫ్టీ మూతలతో పెట్టించాలి.

కొటేషన్‌లో వాటర్‌ఫాల్‌కు, రంగుల లైట్లకు లెక్క ఉండి ఫెన్సింగ్‌కు లేకపోతే అప్పుడే రాయించుకోండి. మొదటి ట్యాంకర్ వచ్చే రోజుకే గేటు బిగించి ఉండాలి.