ఓడిన ఆటకు తీర్పరులు

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఫెయెట్‌విల్ అనే విశ్వవిద్యాలయ పట్టణమున్నది. 2021 జూన్ 13వ తేదీ ఆదివారం అక్కడ ఒక బేస్‌బాల్ పోటీ జరిగినది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి మూడు పరుగులు, ఆర్కన్సాకు రెండు. ఒక్క పరుగు తేడాతో, సొంత ఊరిలో, సొంత జనం కళ్లెదుట ఆర్కన్సా ఓడినది. ఆట ముగిసినది గాని వాదం ముగియలేదు. వాదమంతా ఆటగాళ్లను గురించి కాదు, కోచ్ డేవ్ వాన్ హార్న్‌ను గురించి.

ఆ ఆట ఎరుగని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. క్రికెట్టులో బౌలరు వంటివాడు బేస్‌బాల్‌లో పిచ్చర్. అయితే బౌలరు ఓవరు ముగియగానే బంతిని మరొకరికిచ్చి ఊపిరి పీల్చుకుంటాడు; కావలసినప్పుడు తిరిగి వస్తాడు. పిచ్చరుకు ఆ వెసులుబాటు లేదు. వరుసగా అతడే విసరాలి. ఒకమారు ఆట నుంచి తప్పించి పంపివేస్తే ఆనాటికి అతని పని సరి. ఆట తొమ్మిది ఇన్నింగ్సులు. ఆరంభించినవాడు అలసిన పిమ్మట చివరి ఇన్నింగ్సులకు తాజా చేయి గల మరొకడు రావటం ఆనవాయితీ. ఎవరిని ఎప్పుడు దింపాలి, ఎప్పుడు తప్పించాలి అన్నదే కోచ్‌కు ప్రాణసంకటం.

ఆర్కన్సా జట్టులో అట్లు చివర వచ్చి ఆటను నిలబెట్టేవాడు కెవిన్ కాప్స్. సగటున తొమ్మిది ఇన్నింగ్సులకు ఒక్క పరుగైనా పూర్తిగా ఇవ్వని ఘనత ఆ ఏడు అతనిది. ఆ చేయి పూర్వం శస్త్రచికిత్సకు లోనైన చేయి. మోచేతిలోని దెబ్బతిన్న బంధనాన్ని తీసి, శరీరంలో మరొకచోటి నరాన్ని తెచ్చి అమర్చే చికిత్స అది. పిచ్చర్లలో అది ఎంత మామూలంటే, 1974లో మొట్టమొదట చేయించుకున్న టామీ జాన్ పేరే దానికి స్థిరపడిపోయినది.

మూడు ఆటల పోటీలో శుక్రవారం ఆర్కన్సా 21–2 తేడాతో చిత్తుగా గెలిచినది. శనివారం 6–5తో ఓడినది. ఇక ఆదివారమే తేల్చాలి. ఆ ఏడు ఒక్కసారీ ఆట ఆరంభించని కాప్స్‌కు వాన్ హార్న్ మొదటి బంతినే అప్పగించినాడు. ఆరు రోజుల కిందటనే నెబ్రాస్కా జట్టు మీద అతడు ఏడు ఇన్నింగ్సులు విసరినాడు. ఆదివారం ఎనిమిది ఇన్నింగ్సులు గడిచినవి. స్కోరు రెండుకు రెండు. తొమ్మిదవ ఇన్నింగ్సుకూ అతడే వచ్చినాడు. మొదటి ఆటగాడు హొసే టోరెస్ బంతిని కంచె దాటించినాడు. అప్పుడు గాని కాప్స్‌ను తప్పించలేదు. అప్పటికి అతడు విసరినవి 118 బంతులు.

ఒక పక్షం వాదమిది: అలసినవానిని తొమ్మిదవ ఇన్నింగ్సుకు పంపటమేమి? ఎదుటి పక్షం అడిగేది: ఆ ఏడు అందరికంటె మేలైనవానిని తప్పించి మరొకనిని తెచ్చి ఓడివుంటే ఏమనేవారు? ఈ రెండవ ప్రశ్న ఉత్త ఊహ కాదు. 2003లో బోస్టన్ మేనేజరు గ్రేడీ లిటిల్, న్యూయార్క్ జట్టు మీద మూడు పరుగుల ఆధిక్యం ఉండగా, అలసిన పెడ్రో మార్టినెజ్‌ను ఎనిమిదవ ఇన్నింగ్సులో కొనసాగించి ఓడినాడు; అతని ఒప్పందం పొడిగింపబడలేదు. 2020 ప్రపంచ సీరీస్‌లో టాంపా బే మేనేజరు కెవిన్ క్యాష్, 73 బంతులే విసరి అద్భుతంగా ఆడుతున్న బ్లేక్ స్నెల్‌ను తప్పించి ఓడినాడు. అతనినీ జనం వదలలేదు. ఒకరు ఉంచినందుకు, ఒకరు తీసినందుకు. మన ఊళ్లలో క్రికెట్టు ఓడిన మరునాడు టీ దుకాణం దగ్గర నిలబడినవారికి ఈ న్యాయశాస్త్రం కొత్త కాదు.

పరీక్ష ముగిసిన తరువాత ప్రశ్నపత్రం చూసి, చదవవలసినది ఈ పాఠమేనని చెప్పటం ఎవరికి చేతకాదు? కోచ్ ఎదుట ఉన్నది ఎనిమిది ఇన్నింగ్సుల సాక్ష్యం. టోరెస్ కొట్టిన దెబ్బ కాదు. గెలుపోటముల లెక్కలో అతనిని తప్పుపట్టటానికి నాకు మనసొప్పదు. నాకు తోచే అభ్యంతరం వేరు. ఒకసారి కోసి కుట్టిన మోచేతిచేత, వారంలోపున రెండవసారి అన్ని ఇన్నింగ్సులు విసరించటం ఉచితమా? కుర్రవానిని అడిగివుంటే సరేననే అంటాడు. ఆ వయసులో, ఆ జనం ఎదుట, కాదనేవాడెవడు? అందుచేత అతని సమ్మతి ఇక్కడ ప్రమాణం కాదు. టోరెస్ కొట్టిన బంతి కంచె ఇవతలనే పడి, ఆర్కన్సా గెలిచివున్నా ఈ ప్రశ్న ఇట్లే ఉండేది. అడిగేవారు మాత్రం ఉండేవారు కారు. ఆ 118 బంతులను వీరగాథగా చెప్పుకునేవారు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చినాడని మన సామెత. నార్త్ కరోలినా స్టేట్ జట్టు అక్కడినుంచి ఒమాహాలో జరిగే జాతీయ పోటీలకు వెళ్లినది. జట్టులో కోవిడ్ పొడసూపటంతో జూన్ 26న ఆడవలసిన ఆట రద్దయి, వారు ఇంటికి మరలినారు. కాప్స్‌కు ఆ ఏటి మేటి ఔత్సాహిక ఆటగాడుగా గోల్డెన్ స్పైక్స్ పురస్కారం లభించినది. పట్టికలో ఆ ఏడు అతని పేరిట పన్నెండు గెలుపులు, ఒక ఓటమి ఉన్నవి. ఆ ఓటమి ఆ ఆదివారానిదే.