నీరుచల్ల : తక్రనిషేధము, గ్రీష్మపానము

వేసవిలో మజ్జిగ త్రాగని తెలుగు ఇల్లు అరుదు. అయినను సుశ్రుతసంహిత సూత్రస్థానమునందలి నలుబదియైదవ అధ్యాయము, అనగా ద్రవద్రవ్యవిధి, తక్రము నీయదగని తావులను చెప్పుచు క్షతరోగిని, దుర్బలుని పేర్కొని, వారితోపాటు ఉష్ణకాలమును కూడ చేర్చినది. మూర్ఛ, భ్రమ, దాహము, రక్తపిత్తము గలవారికిని తక్రము కూడదని అచటనే యున్నది. ఇచట దాహమనగా దప్పిక కాదు, ఒడలి మంట. తెలుగున ఆ పదమునకు దప్పిక యను అర్థము రూఢమగుటచే ఈ వాక్యమును చదువువారు తరచు తడబడుచుందురు. మంట, తల తిరుగుట, సొమ్మసిల్లుట - ఎండదెబ్బ తగిలినవానియందు కనబడునవి ఇవియే. సుశ్రుతుని మాటను ఉన్నదున్నట్లు పట్టినచో, చైత్రము మొదలు చలివేంద్రములలో మజ్జిగ పోయువారందరు పుణ్యమునకు బదులు అపథ్యమును పంచుచున్నారనవలెను. లోకాచారము తప్పా, శాస్త్రము తప్పా, లేక రెండును వేర్వేరు వస్తువులనుగూర్చి మాటాడుచున్నవా యనునది విచారింపదగిన విషయము.

ఇది కేవలము గ్రంథచర్చ కాదు. విజయవాడ తూర్పుననున్న ఆటోనగర్‌లో లారీలకు, బస్సులకు బాడీలు కట్టువారు, కమాను కట్టలను కొలిమిలో కాల్చి సాగగొట్టువారు, వెల్డింగు, లేతు, టింకరింగు పనివారు మే నెల మధ్యాహ్నములందును రేకుల షెడ్ల క్రిందనే పనిచేయుదురు. పైన ఎండ, ప్రక్కన నిప్పు. కృష్ణా డెల్టా యగుటచే గాలిలో తేమ యధికము. పట్టిన చెమట త్వరగా ఆరదు, ఆరనిదే ఒడలు చల్లబడదు. బెజవాడను పరిహాసముగా బ్లేజువాడ యనుట ఊరకయే పుట్టలేదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వెయ్యిమందికి పైగా మరణించిరి. అట్టి యెండలో పనిచేయువానికి ఏమి త్రాగవలెనో చెప్పుటయందు శాస్త్రవాక్యమును తప్పుగ అన్వయించుట చిన్న పొరపాటు కాజాలదు.

మొదట తక్రమనగా నేమి? అమరకోశము మూడు పదములను విడదీసి చెప్పినది. పెరుగులో నాలుగవ పాలు నీరు చేర్చి చిలికినది తక్రము, సగము నీరు చేర్చినది ఉదశ్విత్తు, నీరు చేర్పనిది మథితము. సుశ్రుతుడు వెన్న తీసినదై, సగము నీరు గలదై, మిక్కిలి చిక్కనిదియు మిక్కిలి పలుచనిదియు కానిదానిని తక్రమనినాడు. నీటి పాలు విషయమున ఇరువురికిని భేదమున్నను, తక్రము కొంత చిక్కదనము గల వస్తువను విషయమున భేదము లేదు. అట్టి తక్రము పులుపును వగరును కలిగి ఉష్ణవీర్యమైనదని సుశ్రుతమతము. ఉష్ణవీర్యమైనదానిని ఉష్ణకాలమున వలదనుట సహజమే.

పదునారవ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున ఈ విభాగమును ఇంకను సాగదీసి ఘోలము, మథితము, తక్రము, ఉదశ్విత్తు, ఛచ్ఛిక యని ఐదు విధములు చెప్పినాడు. మనకు కావలసినది ఐదవది. మీగడను, వెన్నను తీసివైచి, సమృద్ధిగా నీరు చేర్చిన స్వచ్ఛమైన మజ్జిగ ఛచ్ఛిక. ఇది శీతలము, లఘువు. పిత్తమును, శ్రమను, తృష్ణను పోగొట్టునది. ఉప్పు చేరినచో అగ్నిదీపనము. ఉత్తరాదివారి 'ఛాఛ్' ఈ పదమునకు చుట్టమగుట స్పష్టమే. సుశ్రుతుడు నిషేధించినది ఉష్ణవీర్యమైన తక్రము; భావమిశ్రుడు శ్రమకును దప్పికకును విధించినది శీతలమైన ఛచ్ఛిక. పెరుగు రెండింటికిని మూలమైనను, నీటి పాలు మారుటతో గుణము తలక్రిందులైనది. వైద్యగ్రంథములందు పరిమాణభేదమే ద్రవ్యభేదమగుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణము దొరకదు.

తెలుగువారు ఈ భేదమును ఎరుగుదురనుటకు సాక్ష్యము కావ్యమునందే కలదు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుడు శ్రీవైష్ణవులకు ఋతువునకు తగినట్లు భోజనము పెట్టు ఘట్టమున్నది. వేసవి పంక్తిలో పలుచని అంబలి, చెరకురసము, ఎడనీళ్ళు, పండ్లు, పరిమళించు చల్లని నీరు వచ్చును. వానితోపాటు మజ్జిగయు వచ్చును. కాని కృష్ణదేవరాయలు దానిని ఉత్త 'చల్ల' యనలేదు, 'నీరుచల్ల' యనినాడు. ఈ విశేషణము పాదపూరణమునకు వేసినది కాదు. వేసవికి తగినది నీరు మిక్కుటముగ గల చల్ల మాత్రమే యను వివేకము అందున్నది. ఛచ్ఛికకు ఇంతకన్న మంచి తెలుగు పేరు లేదు. కళింగ దండయాత్రలో రాయలు విజయవాటిలో కొన్ని దినములు విడిసి, పిమ్మట కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమునకు వెళ్ళి ఆంధ్రవిష్ణువును సేవించి ఏకాదశి ఉపవాసము చేసినట్లును, ఈ కావ్యమును రచించుమని ఆ స్వామి కలలో ఆజ్ఞాపించినట్లును పీఠికలో చెప్పుకొనినాడు. కథ శ్రీవిల్లిపుత్తూరునకు చెందినదైనను, కావ్యసంకల్పము ఈ సీమలోనే కలిగినది.

చల్ల యను పదమునకు చలువయను అర్థముతో సామ్యమున్నమాట నిజము. అంతమాత్రమున ప్రతి చల్లయు చలువచేయునని పదమును ప్రమాణముగా చూపుట తగదు. నాలుగు నాళ్ళ పెరుగును గరిటెతో త్రిప్పి గ్లాసులో పోసినదియు చల్లయే. అది సుశ్రుతుడు వలదన్న కోవకు చెందినది.

ఇక ఉప్పు. ఇచట రెండవ విరోధము ఎదురగును. గ్రీష్మమున లవణ, కటు, అమ్ల రసములను విడువవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయ ఋతుచర్యాధ్యాయమున చెప్పినాడు, చరకమతమును అదియే. మరి ఉప్పు, అల్లము వేసిన మజ్జిగ ఎట్లు పథ్యమగును? ఈ నిషేధమును ఉదాహరించువారు సాధారణముగ సగము వాక్యముతో ఆగిపోవుదురు. అదే వాక్యమున వాగ్భటుడు వ్యాయామమును, సూర్యకిరణములను సైతము విడువుమనినాడు. ఎండలోనికి పోక, ఒడలు వంచక, కర్పూరపు నీరును పంచసార పానకమును క్రొత్త మట్టిపాత్రలలో సేవించుచు, వెన్నెల మేడపై నిద్రించువానికి చెప్పిన చర్య అది. వానికి చెమటలేదు, ఉప్పు అక్కరలేదు. కొలిమియొద్ద నిలుచువాడు వ్యాయామమును విడువజాలడు, వేడిమిని విడువజాలడు. కావున ఉప్పునుమాత్రము విడువుమనుట వాగ్భటుని హృదయము కాదు. ఐదు కలిసిన నిషేధమున రెండింటిని త్రోసివైచి మూడింటిని పట్టుట అర్ధగ్రహణము. భావమిశ్రుడు ఛచ్ఛికకు ఉప్పును అంగీకరించుట ఈ అన్వయమునకు బలము.

నేటి శరీరశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. ఒక లీటరు చెమటతో, మనిషినిబట్టి, సుమారు అర గ్రాము మొదలు గ్రామున్నర వరకు సోడియము పోవును. గంటలకొలది చెమటోడ్చి వట్టినీరే మిక్కిలిగ త్రాగినవానికి రక్తమున సోడియము పలుచబడి కండరములు పట్టుట, తల తిరుగుట కలుగవచ్చును. చక్కెరయు సోడియమును కలిసియున్నచో ప్రేవులు రెండింటిని జంటగ లోనికి గొని, వానివెంట నీటిని గ్రహించును. ఈ జంటవాహక సిద్ధాంతమును 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. అతిసారరోగుల ప్రాణము నిలుపు ఓ.ఆర్.ఎస్. ద్రావణమునకు ఆధారమిదియే. 2002 నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ అంగీకరించిన కొలత ప్రకారము లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, వానితో పొటాసియము, సిట్రేటు లవణములు ఉండును. నీరుచల్ల దానికి బదులు కాజాలదు. అయినను మజ్జిగలోని పాలచక్కెర జీర్ణమై గ్లూకోజు, గెలాక్టోజులుగ విడిపోవును. రెండును ఆ వాహకముననే ప్రయాణించును. పొటాసియము మజ్జిగలో సహజముగనే కలదు. లోపించునది ఉప్పొక్కటే, దానిని ఇల్లాలు చేర్చుచున్నది.

కటురసము మాట కొంత వేరు. కృష్ణకు ఆవలి యొడ్డున మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామికి నివేదించునది బెల్లము, మిరియము, ఏలకి కలిపిన పానకము. కలియుగమున స్వామి దీనినే స్వీకరించునని స్థలపురాణము. సుశ్రుతుడు బెల్లపు పానకము గురువనియు మూత్రలమనియు చెప్పి, పులుపును తీక్ష్ణద్రవ్యమును చేరి చల్లనైన పానకము దోషరహితమనినాడు. తీక్ష్ణము అచట ప్రధానము కాదు, గురుత్వమును సడలించు సంస్కారము. మజ్జిగలో అల్లము పాత్రయు అంతే: ఒక లీటరునకు ఉసిరికాయలో సగమంత చాలును. పచ్చిమిరప కాయలు చిదిపి వేయుట ఇటీవల ఎక్కువైనది. అది రుచికి తగునేమో గాని గ్రీష్మపానమునకు తగదు.

పెరటి ఆకులలో ఈ పానీయమునకు ముఖ్యమైనవి రెండు, కరివేపయు దబ్బాకును. దబ్బ, నిమ్మ, మారేడు, వెలగ, కరివేప - ఇవి యన్నియు వృక్షశాస్త్రరీత్యా ఒకే కుటుంబము. లేత దబ్బాకును వెలుతురునకు ఎదురుగ పట్టి చూచినచో సూదితో గ్రుచ్చినట్లు చిన్న చుక్కలు కనబడును. అవి తైలకోశములు, పరిమళమంతయు వానియందే యున్నది. ఆకును నూరినచో కోశములతోపాటు చేదును వెలికి వచ్చును. కావున ఈనె తీసి, చేతితో రెండు మూడు ముక్కలుగ త్రుంచి వేయుట పెద్దలు చేసిన ఏర్పాటు. కొత్తిమీర ఐచ్ఛికము. పుదీనా ఈ పాకమునకు క్రొత్తగ వచ్చిన బంధువు. దాని చలువయు వేరు జాతిది. పుదీనాలోని మెంథాలు నోటిలో శీతలమును తెలుపు నాడీగ్రాహకమును మేల్కొలుపును, మిరియములోని ఘాటు ఉష్ణమును తెలుపు గ్రాహకమును మేల్కొలుపును. ఉష్ణస్పర్శ గ్రాహకములను కనుగొనినందులకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పాటపూటియన్లకు నోబెల్ బహుమతి లభించినది. పుదీనా వలన చల్లగ తోచును గాని ఒడలి వేడి తగ్గదు. చల్లగ తోచినదని పనివాడు నీడకు రాకుండుట ప్రమాదము.

చేయు విధము సులభము. సాయంకాలము కాచి గోరువెచ్చనైన పాలలో తోడు వేసిన పెరుగును తెల్లవారుజామున, పులుపెక్కకముందే, కొంచెము చల్లని నీటితో కవ్వమున చిలుకవలెను. ప్రొద్దెక్కినచో వెన్న మెత్తబడి సరిగ విడివడదు. వెన్న తీసిన పిమ్మట, ఒక గిన్నెడు పెరుగునకు మొత్తము ఐదారు గిన్నెల నీరు పడునట్లు కాచి చల్లార్చిన నీటిని చేర్చవలెను. ఇంత నీరా యని చేయి వెనుకాడును. కాని తక్రమునకును నీరుచల్లకును గల అంతరమంతయు ఆ నీటిలోనే యున్నది. లీటరునకు సుమారు రెండు గ్రాముల ఉప్పు, అనగా చిన్న చెంచాలో సగమునకు కొంచెము తక్కువ, దంచిన అల్లము, రెండు రెబ్బల కరివేప, నాలుగు దబ్బాకులు వేసి అరగంట యుంచి వడకట్టవలెను. తిరగమోత వేసినచో అది మజ్జిగచారు, భోజనపదార్థము. రక్తపుపోటు, మూత్రపిండవ్యాధి గలవారు ఉప్పు విషయమున వైద్యుని మాట వినవలెను.

ఉంచుటకు కుండ మేలు. కుండ గోడలనుండి స్రవించిన నీరు ఆవిరియగునపుడు గ్రాముకు సుమారు 580 క్యాలరీల వేడిని గొనిపోవును. డెల్టా తేమగాలిలో ఆ పని మందముగ సాగును. కుండను మూలనుంచక గాలి వీచు చోట తడియిసుకపై నుంచుట అందులకే. చేపలు నిల్వచేయుటకు తయారగు మంచుగడ్డను మజ్జిగలో వేయుట మాత్రము ఎన్నటికిని కూడదు. అది త్రాగునీటితో చేసినదని నమ్మ వీలులేదు.

ఆకులు ఎక్కడివి యనునది ఆటోనగర్‌లో ప్రత్యేకముగ అడుగవలసిన ప్రశ్న. వాడిన ఇంజను నూనె ఇంకిన నేలలో, పాత బ్యాటరీల సీసపు ధూళి పడు చోట, ఖాళీ నూనె డబ్బాలలో పెంచిన కరివేప కంటికి పచ్చగనే యుండును. సీసము ఆకుపై ధూళిగ నిలుచును, కొంత వేరునుండియు చేరును. కడిగినచో మొదటిది తగ్గును గాని రెండవది పోదు. పెరుగుతోట వేయదలచినవారు క్రొత్త మట్టికుండీలో, కార్ఖానా గాలి సోకని ఇంటి పెరటిలో వేసికొని, ఉదయము పనికి వచ్చునపుడు ఆకులను వెంట తెచ్చుకొనుట మేలు. కానూరు, పెనమలూరు వైపు ఇండ్ల పెరళ్ళలో ఒక దబ్బచెట్టునకు చోటు దొరకని ఇల్లు తక్కువ.

సుశ్రుతుని నిషేధములో కాలమునకు సంబంధించిన భాగము నీరుచల్లకు వర్తింపదని చూచితిమి. మూర్ఛకు సంబంధించిన భాగము మాత్రము నేటికిని పూర్తిగ నిలుచును. ఎండదెబ్బకు తెలివి తప్పినవాని నోట నీరుచల్లయే కాదు, నీరును పోయరాదు. మ్రింగు శక్తి లేనివానికి పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. వానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలిపై నీరు చల్లి విసరుచు, ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. కుండలోని చల్ల తెలివి తప్పకముందు, గంటకొకమారు, దప్పిక కాకున్నను త్రాగవలసినది.