పాట ఫార్వర్డ్ చేస్తే కేసు పడుతుందా?

పదేళ్ల కిందటి మాట. జనగామ బస్టాండ్ దగ్గరైనా, మహబూబాబాద్ రైల్వే స్టేషన్ దగ్గరైనా, భూపాలపల్లి బజార్లోనైనా మొబైల్ షాపుకెళ్లి మెమరీ కార్డు ఇస్తే చాలు. ఇరవై, ముప్పై రూపాయలకు కార్డు నిండా పాటలు ఎక్కించేవాళ్లు. సినిమా పాటలు, జానపదాలు, డీజే మిక్సులు... ఏది కావాలంటే అది. ఇది తప్పా అని అడిగినోళ్లూ లేరు, చెప్పినోళ్లూ లేరు.

ఇప్పుడు ఆ షాపు మన జేబులోకే వచ్చింది. టెలిగ్రామ్‌లో ఫైల్ పెట్టేదీ మనమే, వాట్సాప్‌లో పంపేదీ మనమే. మరి కేసు పడితే ఎవరి మీద?

లెటర్ పంపి భయపెట్టారు

అమెరికా మ్యూజిక్ కంపెనీలు 2003 సెప్టెంబర్‌లో ఒకేసారి 261 మంది మీద దావా వేశాయి. అందులో 12 ఏళ్ల అమ్మాయి కూడా చిక్కుకుంది. ఇంట్లోవాళ్లు 2 వేల డాలర్లు కట్టి బయటపడ్డారు. ఎత్తుగడ సింపుల్. ఐపీ అడ్రస్ పట్టుకోవడం, ఇంటర్నెట్ కంపెనీ నుంచి పేరు రాబట్టడం, రాజీకి వస్తారా కోర్టుకు వస్తారా అని లెటర్ పంపడం. చాలామంది భయపడి కట్టేశారు.

జేమీ థామస్ అనే మహిళ మాత్రం కోర్టులోనే తేల్చుకుంటానంది. 24 పాటలకు 2 లక్షల 22 వేల డాలర్లు కట్టాలని 2007లో జ్యూరీ చెప్పింది. రెండో విచారణలో అది ఏకంగా 19 లక్షలు దాటింది! చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి లెక్కనే ఖాయం చేసింది. ఇంత చేసినా పైరసీ ఆగలేదు, చెడ్డపేరు మాత్రం మిగిలింది. సుమారు 35 వేల మందిని ఇలా వెంటాడాక, 2008 చివర్లో ఇక చాలని కంపెనీలే ప్రకటించాయి.

మన దగ్గర రూటు వేరు

ఇక్కడ కంపెనీలు ఇళ్లకు లెటర్లు పంపే బదులు సైట్ల మీద పడ్డాయి. 2012లో కలకత్తా హైకోర్టు ఆర్డర్‌తో 104 మ్యూజిక్ సైట్లు బ్లాక్ అయ్యాయి. అదే ఏడాది '3', 'దమ్ము' సినిమాల కోసం మద్రాస్ హైకోర్టు 'అశోక్ కుమార్' ఆర్డర్ ఇచ్చింది. దొంగ ఎవరో తెలియనప్పుడు కేసులో రాసే ఉత్తుత్తి పేరది. దాంతో విమియో లాంటి మంచి సైట్లూ మూతపడ్డాయి. సైటు మొత్తం కాదు, ఆ లింకులే ఆపండని కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

2016లో బ్లాకైన సైటు తెరిస్తే, చూసినా 3 ఏళ్లు జైలే అన్నట్టు మెసేజ్ వచ్చేది. జనం హడలిపోయారు. నేరం చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడం, ప్రదర్శించడం, అమ్మడంలో ఉందని బాంబే హైకోర్టు క్లారిటీ ఇచ్చింది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. వినేవాళ్లం అనుకుంటాం గానీ, అప్‌లోడ్ బటన్ నొక్కగానే పంచేవాళ్లం అయిపోతాం. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు శిక్ష తగ్గించొచ్చు. కానీ ఇది నాన్‌బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

మన పాటకూ ఇదే చట్టం

జానపదాలు తీసి యూట్యూబ్‌లో పెట్టే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసం. ఎవరు కట్టారో తెలియని పాత పాట ఊరందరిదీ. దాన్ని మీ గొంతుతో పాడుకోవచ్చు. కానీ వేరేవాళ్ల రికార్డింగ్ మీద వాళ్లకు 60 ఏళ్లు హక్కుంటుంది. ఈమధ్యే ఎవరో రాసిన పాటైతే అడిగి తీరాలి. 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే చానల్ పోయే ప్రమాదముంది.

రేపు మీ పాటనే ఎవరో ఎత్తుకెళ్లి వాళ్ల చానల్లో పెట్టుకుంటే? రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు మీదే. యూట్యూబ్‌లో కంప్లయింట్‌కు పైసా ఖర్చు లేదు. ఒరిజినల్ ఫైళ్లు మాత్రం డిలీట్ చేయకండి. అవే మీ సాక్ష్యం.

అందుకే ఫ్రెండ్‌కు పాట నచ్చిందా? ఫైల్ కాదు, ఒరిజినల్ లింక్ పంపండి. మీకు కేసు భయం ఉండదు, పాడినోళ్లకు నాలుగు వ్యూస్ వస్తాయి.