వారంటీ కాలంలో డిజిటల్ కెమెరా మరమ్మతు - వినియోగదారుల హక్కులు, బాధ్యతలు

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మాంగల్యధారణ ముహూర్తం ఒక్కసారే వస్తుంది. ఆ క్షణంలో కెమెరా మొరాయించినట్లయితే ఆ దృశ్యాన్ని మరల చిత్రీకరించుట ఎవరికీ సాధ్యం కాదు. వేడుకను పదిలపరచుకోదలచిన కుటుంబానికి అది తీరని వెలితి కాగా, అప్పు చేసి కెమెరా కొనుక్కొని పెళ్లిళ్ల సీజనుపై ఆధారపడి జీవించే ఫోటోగ్రాఫరుకు అది జీవనోపాధికే ఆటంకం. సెల్‌ఫోన్లు విస్తరించిన తరువాత చిన్న కెమెరాల వాడకం తగ్గినప్పటికీ, వృత్తి నిపుణులు వినియోగించే కెమెరాల ధర నేడు వేల నుంచి లక్షల రూపాయల వరకు ఉంటున్నది. ఇంత విలువైన వస్తువు వారంటీ కాలంలోనే చెడిపోయినప్పుడు పలువురు వినియోగదారులు దుకాణానికి, సర్వీసు కేంద్రానికి మధ్య తిరిగి తిరిగి, విసిగి వేసారి, సొంత ఖర్చుతో బాగుచేయించుకొంటున్నారు. చట్టం వినియోగదారునికి అండగా ఉన్నది. అయితే ఆ చట్టం అక్కరకు రావాలంటే లోపం బయటపడిన రోజు నుంచి జరిగిన ప్రతి విషయానికీ తేదీతో కూడిన లిఖితపూర్వక ఆధారం ఉండాలి.

వారంటీ అంటే ఏమిటి?

నిర్ణీత కాలంలో తయారీ లోపం లేక విడిభాగాల లోపం బయటపడినచో ఉచితంగా సరిచేసి ఇచ్చెదమని ఉత్పత్తిదారు లేక దిగుమతిదారు వినియోగదారునికి ఇచ్చే హామీయే వారంటీ. కెమెరాలకు ఈ కాలం సాధారణంగా ఒకటి లేక రెండేళ్లు ఉంటుంది. బ్యాటరీ, ఛార్జరు వంటి వాటికి కాలపరిమితి వేరుగా ఉండవచ్చును. కొన్ని కంపెనీలు కొన్న తరువాత నిర్ణీత దినాలలో సీరియల్ నెంబరును నమోదు చేసుకొన్న వారికి అదనపు కాలం వర్తింపజేస్తున్నాయి. కావున వారంటీ కార్డును కొన్న రోజే పూర్తిగా చదువుకోవడం అవసరం. దుకాణదారు అదనపు రుసుము తీసుకొని ఇచ్చే పొడిగింపు వారంటీ వేరొక ఒప్పందం. దానిని అమలుచేయవలసిన సంస్థ ఏదో, దాని షరతులు ఏమిటో ముందుగానే తెలుసుకోవాలి.

క్రిందపడి పగిలిన కెమెరా, నీరు లేక ఇసుక చొరబడిన కెమెరా, అనుమతి లేని మెకానిక్కు విప్పిన కెమెరా సాధారణంగా వారంటీ పరిధిలోకి రావు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో లెన్సుకు బూజు పట్టడం తరచు కనిపిస్తుంది. ఇది కూడా చాలా వారంటీలలో మినహాయింపే. కెమెరాను గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచుట ద్వారా దీనిని చాలావరకు నివారించవచ్చును.

విదేశాలలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన కెమెరాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కొన్ని వారంటీలు కొన్న దేశానికే పరిమితమై ఉంటాయి. అట్టి కెమెరాకు ఇక్కడ డబ్బు చెల్లించి మరమ్మతు చేయించుకోవలసి రావచ్చును. అదే విధంగా మార్కెట్టు ధరకంటె బాగా తక్కువకు బిల్లు లేకుండా అమ్మే దిగుమతి కెమెరాలకు మన దేశంలో వారంటీ లభించకపోవచ్చును. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం దిగుమతి వస్తువు పెట్టెపై దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ముద్రించి ఉండాలి. ఇవి లేని పెట్టెను కొనకపోవడం శ్రేయస్కరం.

లోపమా, నిర్వహణ సమస్యా?

సర్వీసు కేంద్రానికి వెళ్లేముందు కొన్ని పరీక్షలు ఇంటివద్దనే చేసుకొనవచ్చును. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, వేరొక మెమరీ కార్డు అమర్చి, సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చి చూడాలి. లెన్సు మార్చగల కెమెరా అయితే మరొక లెన్సుతో ఫోటో తీయాలి. అప్పటికీ మచ్చ అదే చోట కనిపించినచో లోపం కెమెరాలోని సెన్సారుకు సంబంధించినదై ఉంటుంది. మచ్చ తొలగిపోతే లెన్సును అనుమానించాలి. లోపం కనిపించే ఫోటోలను, తెరపై వచ్చే హెచ్చరిక సందేశాన్ని తేదీతో సహా భద్రపరచాలి. అప్పుడప్పుడు మాత్రమే తలెత్తే లోపాలు సర్వీసు కేంద్రంలో పరీక్షించే సమయానికి కనిపించకపోవచ్చును. అట్టి సందర్భాలలో ఈ ఫోటోలే సాక్ష్యం.

నిర్వహణ సమస్యగా మొదట తోచినది తయారీ లోపంగా తేలడం కూడా కద్దు. సెన్సారుపై దుమ్ము పడటం సాధారణ విషయం. దానిని శుభ్రపరచుట సర్వీసులో భాగం. కాని 2012లో విడుదలైన నికాన్ డి600 కెమెరాలలో శుభ్రం చేసినా మచ్చలు మరల మరల వస్తున్నాయని కొనుగోలుదారులు ఫిర్యాదు చేశారు. ఆ కంపెనీ 2014లో షట్టరును, సంబంధిత భాగాలను ఉచితంగా మార్చి ఇచ్చెదమని, వారంటీ ముగిసిన కెమెరాలకు కూడా ఇది వర్తిస్తుందని ప్రకటించింది. అంతకు ముందు 2005 అక్టోబరులో సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సార్లు వేడి, తేమ అధికంగా ఉన్నచోట దెబ్బతింటున్నట్లు వెల్లడైంది. పాత ఫోటోలు తెరపై సక్రమంగా కనిపిస్తూ, కొత్తగా తీసే దృశ్యం మాత్రం వంకరలు పోవడం లేక అసలు కనిపించకపోవడం దాని లక్షణం. ఆ సెన్సార్లను వాడిన పలు కంపెనీలు వారంటీతో నిమిత్తం లేకుండా ఉచిత మరమ్మతు ప్రకటించాయి. కావున వారంటీ గడువు ముగిసినదని నిరాశ చెందకుండా, తమ మోడలుకు అట్టి ప్రకటన ఏదైనా ఉన్నదేమో కంపెనీని విచారించాలి.

జాబ్ షీటు ప్రాధాన్యత

వారంటీ మరమ్మతులో అత్యంత ముఖ్యమైన పత్రం జాబ్ షీటు. కెమెరాను అప్పగించిన తేదీ, సీరియల్ నెంబరు, వినియోగదారుడు చెప్పిన లోపం, కెమెరా బాహ్య స్థితి, వెంట ఇచ్చిన వస్తువులు, తిరిగి ఇచ్చే తేదీ, మరమ్మతు ఉచితమా కాదా అన్న వివరాలు అందులో ఉండాలి. లోపం ఏమిటో స్పష్టంగా వ్రాయించాలి. "చెక్ చేయాలి" అని మాత్రమే వ్రాసిన జాబ్ షీటు తరువాత ఎందుకూ పనికిరాదు.

ఉదాహరణకు, ఒక ఏడాది వారంటీతో మే 10న కొన్న కెమెరాలో మరుసటి సంవత్సరం మే 2న లోపం కనిపించినదనుకొందాం. వైశాఖ మాసపు ముహూర్తాలు ముగిసిన తరువాత చూచుకొందామని దుకాణదారుకు నోటిమాటగా మాత్రమే చెప్పి, మే 20న సర్వీసు కేంద్రానికి వెళ్లినచో వారంటీ ముగిసినదన్న సమాధానం వస్తుంది. లోపం గడువులోపలే వచ్చినదని నిరూపించుట కష్టం. అదే వ్యక్తి మే 2నే ఇ-మెయిలు ద్వారా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నెంబరు తీసుకొని ఉన్నట్లయితే అతని పక్షం బలంగా ఉంటుంది. వీలైనచో గడువులోపలే కెమెరాను అప్పగించి జాబ్ షీటు పొందడం మరింత క్షేమం.

అప్పగించేముందు మెమరీ కార్డును తీసివేసి, అందులోని ఫోటోలను వేరొక చోట భద్రపరచుకోవాలి. ఫోటోలు పోయినచో బాధ్యత వహించబోమని పలు కంపెనీల షరతులలో ఉంటుంది. తిరిగి తీసుకొనేటప్పుడు అక్కడే పరీక్షించి, ఏ భాగాన్ని మార్చినదీ వ్రాయించుకొని మాత్రమే సంతకం చేయాలి. అదే లోపం మరల వచ్చినచో ప్రతిసారీ కొత్త జాబ్ షీటు తీసుకోవాలి. ఒకే లోపానికి మూడు జాబ్ షీట్లు ఉన్నట్లయితే, వస్తువులోనే లోపమున్నదని చెప్పుటకు అవి గట్టి ఆధారం.

చట్టం కల్పించిన రక్షణ

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొననిచో 30 రోజులలోగా తిరిగి తీసుకొనుటకు నిరాకరించడం, బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. "అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు" అని బిల్లుపై ముద్రించినంత మాత్రాన దుకాణదారు బాధ్యత తొలగిపోదు.

స్టూడియో నడుపుకొనే వారు వ్యాపారులు గనుక ఈ చట్టం వారికి వర్తించదన్న అపోహ ఉన్నది. స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి నిమిత్తం వస్తువును కొని స్వయంగా వినియోగించే వ్యక్తి కూడా వినియోగదారుడేనని చట్టం స్పష్టం చేస్తున్నది.

ఆన్‌లైనులో కొన్న కెమెరాలకు 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెల రోజులలోగా పరిష్కరించవలసి ఉంటుంది.

ఫిర్యాదు చేయు విధానం

మొదట దుకాణదారుకు, కంపెనీకి జరిగిన విషయాలను తేదీల వారీగా వివరిస్తూ, కోరుతున్న పరిష్కారాన్ని పేర్కొంటూ ఇ-మెయిలు, స్పీడ్ పోస్టు ద్వారా నోటీసు పంపాలి. సమంజసమైన గడువు ఇచ్చి, పంపిన రసీదును భద్రపరచాలి. స్పందన లేనిచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. తెలుగుతో సహా 17 భాషలలో ఈ సేవ లభిస్తున్నది. అనేక వివాదాలు ఈ దశలోనే పరిష్కారమవుతున్నాయి.

అప్పటికీ ఫలితం లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు దీని పరిధిలోకి వస్తాయి. ధర 5 లక్షల రూపాయలు మించని ఫిర్యాదులకు ఎట్టి రుసుము లేదు. కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నప్పటికీ, వినియోగదారుడు తాను నివసించే లేక పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకొనుటకు వీలున్నది. 2025 నుంచి ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేసే సదుపాయం కలదు. దుకాణదారు, కంపెనీ ఇరువురినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది.

అవసరమైనచో కమిషన్ కెమెరాను తగిన పరీక్షా కేంద్రానికి పంపి నివేదిక తెప్పించుకొంటుంది. ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి పరీక్ష అవసరం లేని ఫిర్యాదులను 3 నెలలలోగా, పరీక్ష అవసరమైన వాటిని 5 నెలలలోగా పరిష్కరించుటకు ప్రయత్నించాలని చట్టం నిర్దేశిస్తున్నది. లోపం రుజువైనచో దానిని సరిచేయించుట, కొత్త వస్తువు ఇప్పించుట, వడ్డీతో సహా ధర తిరిగి ఇప్పించుట, నష్టపరిహారం చెల్లింపజేయుట వంటి ఉత్తర్వులను కమిషన్ జారీ చేయవచ్చును. ఉత్తర్వులను పాటించని వారికి నెల రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష, లేక 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును.

బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు, ఇ-మెయిళ్లు, లోపం కనిపించే ఫోటోలు అన్నీ కలిపితే ఒక చిన్న ఫైలు అవుతుంది. కెమెరా కొన్న రోజే ఆ ఫైలును తెరవాలి. బిల్లుల అక్షరాలు కాలక్రమేణా మాసిపోతాయి గనుక వాటి నకళ్లు తీయించి ఉంచాలి. ఈ కొద్దిపాటి శ్రద్ధ వహించిన వినియోగదారుడు సర్వీసు కేంద్రంలోను, కమిషన్ ఎదుట కూడ తన హక్కును ధైర్యంగా అడుగగలుగుతాడు. వినియోగదారులందరూ ఈ సదుపాయాలను సద్వినియోగం చేసుకోవలసినదిగా కోరడమైనది.

- పౌర సంబంధాల అధికారి